పదిహేడో నంబరు కాగితం

ఆ యూనివర్సిటీలో ప్రపంచ స్త్రీవాదం అనే కొత్త పాఠాన్ని గణాంకాలు చెప్పే లెక్చరర్‌కి అప్పగించడానికి కారణం ఒక్కటే. మంగళ, గురువారాల్లో పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఆవిడకి క్లాసు లేదు. శాఖాధిపతి ఆ సంగతి దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"మీరు ఆడవారు. పైగా ఆ టైములో ఖాళీ," అన్నాడు. "ఈ రెండూ ఒకే మనిషిలో దొరకడం మన బిల్డింగులో కష్టమండీ."

"నాకా సబ్జెక్టు రాదండీ."

"ఎవరికొచ్చు? చదువుకుని చెప్పేయండి. సిలబస్ నాలుగు పేజీలే."

ఆవిడకి యాభై నాలుగేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా సగటు ఎలా కట్టాలో చెబుతోంది. పిల్లలు ఆవిణ్ణి 'సగటు మేడం' అంటారని ఆవిడకి తెలుసు. అందులో తప్పు పట్టవలసిందేమీ ఆవిడకి కనిపించలేదు. చెప్పిన పని చేయడం ఆవిడ అలవాటు. లైబ్రరీలో ఆ విషయం మీద పద్నాలుగు పుస్తకాలుంటే పద్నాలుగూ ఇంటికి తెచ్చుకుంది. రోజూ పొద్దున్నే ఆరింటికి లేచి, పైగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఏడు దాకా చదివి నోట్సు రాసుకునేది. ఏ దేశంలో ఆడవాళ్ళకి ఓటు ఎప్పుడొచ్చింది, ఎక్కడ ఎవరు ఎందుకు సమ్మె చేశారు, అన్నీ పట్టికలుగా గీసుకుంది. నెల తిరిగేసరికి ఆవిడ దగ్గర ఉన్నన్ని పట్టికలు ఆ సబ్జెక్టు మీద మరెవరి దగ్గరా ఉండవు.

మొదటి రోజు క్లాసుకి ముప్ఫై రెండు మంది వచ్చారు. ఇరవై ఏడుగురు అమ్మాయిలు, అయిదుగురు అబ్బాయిలు. ఈ పాఠం ఎందుకు తీసుకున్నారని ఒక్కొక్కరినీ అడిగింది. ఇరవై మంది మిగతా సబ్జెక్టులు నిండిపోయాయన్నారు. పదిమంది పరీక్ష తేలికని విన్నామన్నారు. ఒకమ్మాయి ఈ గది లైబ్రరీకి దగ్గరంది. ఒకబ్బాయి మాత్రం లేచి నిలబడి, "ఆడవాళ్ళని అర్థం చేసుకుందామని మేడం," అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఆగలేదు, ఇంకో తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు. ఆ వారంలోనే అతనికి 'ఉపన్యాసం' అనే పేరు స్థిరపడిపోయింది.

నాలుగు వారాల తర్వాత ఆవిడ బోర్డు మీద ఒక అంకె వేసింది. క్లాసులో విద్యార్థులు మాట్లాడిన మొత్తం సమయంలో అయిదుగురు అబ్బాయిల వాటా నూటికి యాభై ఎనిమిది. ఎవరినీ ఏమీ అనలేదు. అంకె వేసి కూర్చుంది. తర్వాతి క్లాసులో అబ్బాయిలు నోరు విప్పలేదు. అలవాటు లేక అమ్మాయిలూ విప్పలేదు. పన్నెండు నిమిషాల పాటు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

చివరికి కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి చెయ్యెత్తింది. సన్నగా ఉంటుంది, ఎప్పుడూ నీలం సిరానే వాడుతుంది, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు.

"మేడం, మన భాషలో ఆవు వచ్చింది అంటాం. అక్క వచ్చింది అంటాం. అన్నయితే వచ్చాడు అంటాం. అక్కకీ ఆవుకీ ఒకటే క్రియ ఎందుకు?"

క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. "బహువచనంలో చెప్పు," అంది.

"ఆవులు వచ్చాయి. అక్కలు..." ఆ అమ్మాయి ఆగింది. "అక్కలు వచ్చారు."

"అంటే?"

"ఒక్కతే వస్తే ఆవుల్లో జమ. ఇద్దరొస్తే మనుషుల్లో జమ."

"రాసుకోండి," అంది మేడం. ముప్ఫై రెండు మందీ రాసుకున్నారు. సిలబస్‌లో లేని మాట ఆవిడ క్లాసులో రాయించడం ఇరవై ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

ఆ సిలబస్ చివరి పేజీలో 'అంతర్జాతీయ సంభాషణ' అని ఒక అంశం ఉంది. వేరే దేశంలో ఇదే పాఠం చెప్పే క్లాసుతో వీడియోలో ఒకసారి మాట్లాడాలి. అవతలి ప్రొఫెసర్ పొట్టి జుట్టు, పెద్ద కళ్ళజోడు ఉన్నావిడ. ఇరవై ఏళ్ళుగా ఈ సబ్జెక్టే చెబుతోందట. ముందుగా ఇరువైపుల పిల్లలూ ఒకరికొకరు ప్రశ్నలు పంపుకోవాలని నిర్ణయమైంది. అక్కడినుంచి వచ్చిన ప్రశ్నల్లో మొదటిది: మీ బట్టలు మిమ్మల్నే ఎంచుకోనిస్తారా? రెండోది: ఈ క్లాసుకి రావడానికి ఇంట్లో ఎవరి అనుమతైనా తీసుకున్నారా?

"మనమంటే వీళ్ళకి ఎంత జాలో చూశారా మేడం?" అంది ఒకమ్మాయి, కడుపు మండి.

అయితే ఇటువైపు నుంచి వెళ్ళిన ప్రశ్నలూ తక్కువేం తినలేదు. మీ అమ్మానాన్నలు ముసలివాళ్ళయ్యాక వాళ్ళకి అన్నం ఎవరు పెడతారు అని ఒకటి. పెళ్ళికాగానే ఇంటిపేరు మార్చుకుంటారట, మీకు సిగ్గనిపించదా అని ఇంకొకటి. మొత్తానికి రెండు దేశాల పిల్లలూ ఒకరినొకరు కాపాడటానికి నడుం కట్టుకుని కూర్చున్నారు.

సగటు మేడం ఆ ప్రశ్నలన్నీ మడిచి సొరుగులో పెట్టేసింది. అవతలి ప్రొఫెసర్‌కి ఉత్తరం రాసింది. ఒక మామూలు పనిరోజు తీసుకుందాం. ప్రతి విద్యార్థీ తన ఇంట్లో ఒక ఆడమనిషిని ఎంచుకుని, ఆమె అరగంటకోసారి ఏం చేస్తోందో రాయాలి. కాగితం మీద నలభై ఎనిమిది గళ్ళుంటాయి. పేరు రాయకూడదు, చీటీ తీసిన నంబరు మాత్రమే వేయాలి. జాలి తర్వాత పడదాం, ముందు లెక్క తేలనిద్దాం. ప్రొఫెసర్ ఒప్పుకుంది.

సోమవారానికి ముప్ఫై రెండు కాగితాలు వచ్చాయి. ఎక్కువ మంది అమ్మ గురించి రాశారు. ఇద్దరు అమ్మమ్మ గురించి, ఒకమ్మాయి వదిన గురించి. ఉపన్యాసం తన అక్క గురించి రాశాడు. మధ్యాహ్నం రెండున్నర గడిలో 'నన్ను తిట్టింది' అనీ, మూడు గడిలో 'ఇంకా తిడుతోంది' అనీ నిజాయితీగా నింపాడు.

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో టీ తాగుతూ మేడం ఒక్కొక్క కాగితం అంకెలుగా మారుస్తోంది. పదిహేడో నంబరు తీసింది. నీలం సిరా.

నాలుగింటికి లేవడం, నీళ్ళు పట్టడం. అయిదున్నరకి మొదటి ఇల్లు, గిన్నెలు, ఊడవడం. ఆరున్నర గడిలో ఇలా ఉంది: 'రెండో ఇల్లు. గేటు బయట నిలబడటం. బెల్లు కొడితే సారు నిద్ర పాడవుతుంది.' ఏడింటికి గిన్నెలు. ఏడున్నరకి గదులు తుడవడం. ఎనిమిదింటికి: 'పదకొండు రేడియోలు. పొడి గుడ్డతోనే. తడి తగలకూడదు.'

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది.

ఆవిడ భర్త టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన మనిషి. పాత రేడియోలు పోగేస్తాడు. అవి పదకొండు. తడి గుడ్డ తగలకూడదని పనావిడకి మొదటి రోజే చెప్పింది ఆవిడే. పనావిడకి ఒక కూతురుందని, కాలేజీలో ఏదో చదువుతోందని తొమ్మిదేళ్ళుగా తెలుసు. ఏ కాలేజీ, ఏ చదువు అని అడగాలనుకుంటూనే ఉంది. ఇంతలో తొమ్మిదేళ్ళు అయిపోయాయి.

కాగితం చివర మొత్తాలు కూడా వేసి ఉన్నాయి. అయిదిళ్ళ పని, సొంతింటి పని కలిపి పదిహేనున్నర గంటలు. నిద్ర అయిదున్నర. విశ్రాంతి ఒక గంట. మిగిలిన నాలుగు గళ్ళలో మొదట 'ఖాళీ' అని రాసి కొట్టేసి, పైన 'నడక' అని దిద్దారు. ఇంటికీ ఇంటికీ మధ్య నడక.

ఆరున్నర నుంచి ఏడు దాకా తానేం చేస్తోందో ఆవిడ గుర్తు చేసుకోనక్కరలేదు. పైగదిలో కిటికీ పక్కన కూర్చుని ప్రపంచ స్త్రీవాదం చదువుకుంటోంది. ఆ కిటికీలోంచి తొంగి చూస్తే గేటు కనిపిస్తుంది. తొంగి చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

గణాంకాల్లో ఒక వెసులుబాటు ఉంది. మిగతావాటికి మరీ దూరంగా ఉన్న అంకెని 'అసాధారణం' అని పక్కన పెట్టేయవచ్చు. ఆవిడ పెన్సిలుతో ఆ కాగితం మూల 'అసాధారణం' అని రాసింది. ఒక నిమిషం చూసింది. రబ్బరు తీసుకుని చెరిపేసింది. పదిహేడో నంబరుని కూడా సగటులో కలిపేసి, పట్టిక మొత్తం అవతలి క్లాసుకి పంపింది. సగటులో ఎవరైనా దాక్కోవచ్చు. ఇన్నేళ్ళుగా ఆవిడ ఇతరులకి చెబుతున్నది అదే, కాకపోతే దాన్ని లోపంగా చెబుతుంది.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి పైగదిలోంచి తొంగి చూసింది. గేటు బయట పనావిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. మేడం కిందికి దిగి గబగబా తలుపు తీసింది.

పనావిడ బెదిరిపోయింది. "ఏమైందమ్మా? సారుకి ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదు. రా లోపలికి."

"నిజం చెప్పండమ్మా, ఆసుపత్రికేమన్నా..."

"ఏం లేదన్నానుగా. తలుపు తీశాను, అంతే."

పనావిడ నమ్మలేదు. గిన్నెలు తోముతున్నంతసేపూ పడగ్గది వైపు చూస్తూనే ఉంది. సారు లేచి ఆవులిస్తూ బయటికొచ్చాక గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

ఆ వారమంతా తలుపు ఆరున్నరకే తెరుచుకుంది. అంతకు మించి మేడం ఏమీ మాట్లాడలేదు. క్లాసులో కిటికీ అమ్మాయి వైపు చూడనూ లేదు, చూడటం మాననూ లేదు. భర్త మాత్రం, "ఏంటోయ్, కోడి కూయకముందే తలుపు చప్పుళ్ళు?" అని విసుక్కున్నాడు.

వీడియో క్లాసు రోజున శాఖాధిపతి స్వయంగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. యూనివర్సిటీ పత్రికకి ఫోటోలు కావాలి. తెర మీద ముప్ఫై ముఖాలు కనిపించాయి. ముందు సగటులు చదివారు. అవతలివాళ్ళ కాగితాలన్నీ తల్లుల గురించినవే. వాళ్ళ సగటు మన సగటు కంటే మూడు గంటలు తక్కువ తేలింది. గిన్నెలు కడిగే మిషన్ల వల్ల కావచ్చని ప్రొఫెసర్ అంది. మిషన్లు లేకపోవడం గురించి ఇటువైపువాళ్ళు కాస్త నొచ్చుకున్నారు.

అప్పుడు అవతలినుంచి ఎర్ర స్వెట్టరు వేసుకున్న అమ్మాయి చెయ్యెత్తింది. "మీరు పంపిన పట్టికలో పదిహేడో నంబరు దగ్గర పదిహేనున్నర గంటలని ఉంది. ఆమె భర్త ఎలాంటివాడో తెలుసుకోవచ్చా? ఆమెకి సాయం చేసే సంస్థ ఏదైనా ఉందా?" ఆ పిల్ల గొంతులో నిజంగానే బాధ ఉంది.

ఉపన్యాసం లేచి గొంతు సవరించుకున్నాడు. "మా సమాజంలో పురుషాధిక్యత అనేది..."

"కూర్చో," అంది కిటికీ అమ్మాయి. అతను కూర్చున్నాడు. ఆమె నిలబడి నెమ్మదిగా, పరాయి భాషలో తప్పులు దిద్దుకుంటూ చెప్పింది.

"ఆమె భర్త మంచివాడు. నైట్ వాచ్‌మన్. పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి అన్నం వండేది ఆయనే. నేను వాళ్ళ కూతుర్ని. ఆ పదిహేనున్నరలో ఎక్కువ గంటలు మా ఇంట్లోవి కావు. అయిదుగురు ఆడవాళ్ళ ఇళ్ళలోవి. వాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళాలంటే మా అమ్మ వెళ్ళాలి. ఆరున్నరకి ఆమె నిలబడే గేటు మా మేడం వాళ్ళది."

శాఖాధిపతి ఫోటో తీస్తున్న ఫోను కిందికి దించాడు. ముప్ఫై ఒక్క తలలు మేడం వైపు తిరిగాయి. తెర మీద ముప్ఫై ముఖాలు కదలడం మానేశాయి. నెట్ ఆగిపోయిందేమోనని ఎవరో గొణిగారు. ఆగలేదు.

మేడంకి మాట మార్చడానికి మూడు దారులు కనిపించాయి, మూడూ తేలికైనవే. ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

"అవును, ఆ గేటు మాదే," అంది. "ఆ అరగంటా నేను పైన కూర్చుని ఈ పాఠం చదువుకుంటున్నాను. పద్నాలుగు పుస్తకాలు చదివాను. అన్నిటికీ నోట్సు ఉంది."

బల్ల అంచు వదలకుండానే, "ఆ పద్నాలుగింటిలోనూ ఈ సంగతి ఉంది. నేను దాని కింద గీత కూడా గీశాను," అంది.

ఎర్ర స్వెట్టరు అమ్మాయి తన ప్రొఫెసర్ వైపు తిరిగింది. "మీ ఇల్లు ఎవరు శుభ్రం చేస్తారు?"

"ఒక కంపెనీ," అంది ప్రొఫెసర్.

"కంపెనీ నుంచి ఎవరొస్తారు?"

ప్రొఫెసర్ నోరు తెరిచింది. అటువైపు మైకు ఆగిపోయింది. తెర మీద ఆవిడ పెదవులు చాలాసేపు కదిలాయి. ఏం చెప్పిందో ఇటువైపు ఎవరికీ వినిపించలేదు. మూడు గంటల తేడా సంగతి మాత్రం ఇరువైపులా అర్థమైనట్టే ఉంది. ఆ తర్వాత మిషన్ల మాట ఎవరూ ఎత్తలేదు.

క్లాసయ్యాక వరండాలో మేడం కిటికీ అమ్మాయిని ఆపింది.

"ముందే నాతో చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదు మేడం."

"నేనే అని తెలిసే ఈ పాఠం తీసుకున్నావా?"

"లేదు మేడం. మిగతావి నిండిపోయాయి." ఆ అమ్మాయి పుస్తకాలు గుండెలకి హత్తుకుంది. ఇందాకటి ధైర్యం దిగిపోయినట్టుంది. "ఆ కాగితం రాసి అమ్మకి చదివి వినిపించాను. అన్నీ విని, 'నాలుగుచోట్ల ఖాళీ అని రాశావేమే, అప్పుడు నేను నడుస్తున్నాను కదా' అంది. నేను కూడా చూడలేదు మేడం, ఆమె నడుస్తుందని. అది దిద్దాక నాకు ఎవరిమీదో ఒకరిమీద కోపం రావాలనిపించింది."

"వచ్చిందా?"

"మీ మీదొచ్చింది."

"సరే," అంది మేడం. "తప్పేం లేదు," అంది.

"అమ్మ పని పోతుందా మేడం?"

ఆ ప్రశ్న ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. ఎంత చదువుకున్నా తన గురించి ఒకరు అలా అనుకోగలరని ఆవిడకి తట్టలేదు. "లేదు," అంది.

మర్నాడు పొద్దున్న ఆవిడే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పనావిడ దూరంనుంచే చూసి నడక తగ్గించింది. దగ్గరికొచ్చేసరికి ముఖం చిన్నబోయి ఉంది.

"అమ్మా, దానికి నోరెక్కువ. అందరిముందూ మీ పరువు తీసిందట కదా. రాత్రే తిట్టాను. మీరు మనసులో పెట్టుకోకండి."

"తిట్టకు దాన్ని. అది అబద్ధం చెప్పలేదు."

"నిజమైతే మాత్రం? నిజమంటూ రోడ్డున పడి చెబుతారా ఎవరైనా?"

మేడం కొంగుముడిలోంచి ఇంటి తాళంచెవి తీసింది. రాత్రంతా ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. "ఇది నీ దగ్గరుంచుకో. నేను లేచినా లేవకపోయినా నువ్వు లోపలికి రావచ్చు."

పనావిడ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దమ్మా."

"ఎందుకు?"

"ఇవాళ మీరు మంచి మనసుతో ఇస్తారు. రేపు సారు రేడియో ఒకటి కనబడకపోతే తాళంచెవి ఎవరి దగ్గరుందంటారు? ఆ మాట మీరనకపోయినా నాకు వినబడుతుంది. మీరు తలుపు తీస్తున్నారు కదా, చాలు."

మేడం తాళంచెవి మళ్ళీ కొంగున ముడేసుకుంది. ఈ భయం గురించి ఏ పుస్తకంలో ఏముందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించి మానేసింది.

"మరి నీకేం కావాలి?" అని అడిగింది చివరికి. తొమ్మిదేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలని ఇద్దరికీ తెలుసు.

పనావిడ అనుమానంగా చూసింది. ఏదైనా అడిగితే ఏమవుతుందో, అడక్కపోతే ఏమవుతుందో బేరీజు వేసుకుంటున్నట్టుంది. తర్వాత ఒక్క మాటే అంది.

"ఆదివారం."

"ఆదివారం ఏంటి?"

"ఆదివారం రానమ్మా. జీతం మాత్రం ఇలాగే ఉండాలి."

"సరే."

పనావిడ ఇంకా అక్కడే నిలబడింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని తెలిస్తే ఇంకేమైనా అడిగేదాన్నేమో అన్నట్టుంది ఆమె ముఖం. లోపలికెళ్ళి గిన్నెలు తోమింది. ఆ రోజు గిన్నెల చప్పుడు మామూలుకంటే ఎక్కువగా ఉందని భర్త ఫిర్యాదు చేశాడు.

ఆ వీధిలో ఇరవై రెండు ఇళ్ళున్నాయి. పనికొచ్చే ఆడవాళ్ళు తొమ్మిదిమంది. ఒకావిడకి ఆదివారం దొరికిందన్న వార్త నాలుగు రోజుల్లో తొమ్మిదిమందికీ అందింది. రెండో వారంలో తొమ్మిదిమందీ కలిసి ఇంటింటికీ వెళ్ళి అడిగారు. ఒక్కొక్కరే అడిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. మొత్తం మీద పద్నాలుగు ఇళ్ళు వెంటనే ఒప్పుకున్నాయి, ఆరిళ్ళు సణిగి ఒప్పుకున్నాయి. ఒకరు చూద్దామన్నారు. మిగిలిన ఒక్క ఇల్లు శాఖాధిపతిది. ఆయన భార్య మేడంకి ఫోన్ చేసింది.

"వదినగారూ, మీరేదో పాఠం చెబుతున్నారట. మా ఇంట్లో ఆదివారం గిన్నెలు ఎవరు తోమాలో కూడా ఆ పాఠంలో ఉందా?"

"పాఠంలో లేదండీ. ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"నలుగురం."

"అయితే నెలకి మనిషికి ఒక ఆదివారం వస్తుంది," అంది మేడం. ఎగతాళికి కాదు, లెక్క అడిగినట్టు అనిపించి చెప్పింది. అవతల ఫోను ఠక్కున పెట్టేసిన చప్పుడైంది. ఆ సాయంత్రం నుంచి వీధిలో సగంమంది ఆవిడ ఎదురైతే పక్కకి తిరిగి నడిచారు.

వారం తిరక్కుండా శాఖాధిపతి నుంచి నోటీసు వచ్చింది. 'పాఠ్యాంశం సిలబస్ పరిధిని దాటి నివాస ప్రాంతాలలోకి ప్రవేశించినట్లు తెలియవచ్చినది. సంజాయిషీ ఇవ్వగలరు.' ఆవిడ మూడు పేజీల సంజాయిషీ ఇచ్చింది. అందులో రెండున్నర పేజీలు పట్టికలే. ఆయన అవి చదివాడో లేదో తెలియదు. వచ్చే ఏడాది నుంచి పాఠం పేరు 'ప్రపంచ స్త్రీవాదం: సిద్ధాంతం మాత్రమే' అని మార్చాలని కమిటీ తీర్మానించింది. చెప్పేవాళ్ళు మళ్ళీ దొరకలేదు. మంగళ, గురువారాల్లో పదకొండింటికి ఖాళీగా ఉండే మనిషి ఇంకా ఆవిడ ఒక్కతే. మళ్ళీ ఆవిడకే ఇచ్చారు.

పరీక్షలో కిటికీ అమ్మాయికి నూటికి డెబ్భై నాలుగు వచ్చాయి. ఇంకో అయిదు మార్కులు వేయాలని మేడం చెయ్యి లాగింది. జవాబులు చూస్తే డెబ్భై నాలుగే వస్తున్నాయి. డెబ్భై నాలుగే వేసింది. ఆ అమ్మాయి వచ్చి రెండో ప్రశ్నకి మార్కులెందుకు తగ్గాయని అరగంట వాదించింది. మేడం ఒక మార్కు కలిపింది. అది న్యాయంగా రావలసిందే.

మొదటి ఆదివారం ఇంట్లో గిన్నెలు భార్యాభర్తలిద్దరూ తోమారు. ఆయన రెండు గ్లాసులు పగలగొట్టాడు. రేడియోలు తుడుస్తూ పదకొండింటికీ గంటన్నర తీసుకున్నాడు. తుడవడం అయ్యాక వాటి ముందు చాలాసేపు కూర్చుని, "ఇన్నెందుకోయ్ మనకి?" అన్నాడు. మరుసటి నెలలో మూడింటిని స్నేహితులకి ఇచ్చేశాడు. మిగతా ఎనిమిదీ ఇవ్వడానికి మనసొప్పలేదు.

మూడో ఆదివారం సాయంత్రం మేడం ఒక్కతే నడకకి బయల్దేరింది. రెండు వీధుల అవతల చిన్న పార్కు ఉంది. అక్కడ సిమెంటు బెంచీ మీద పనావిడ ఇంకో ఇద్దరితో కూర్చుని ఉంది. చెప్పులు విప్పి కాళ్ళు పైకి ముడుచుకుని, ఒళ్ళో పొట్లంలోంచి వేరుశనగలు ఒలుచుకుంటూ, పక్కావిడ ఏదో చెబుతుంటే పగలబడి నవ్వుతోంది. ఆమెకి అంత గట్టి నవ్వుందని మేడంకి తెలియదు. తన ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

పనావిడ తలెత్తి చూసింది. లేవబోయి, లేవలేదు. చేతిలో పొట్టు దులుపుకుని, కూర్చునే తలాడించింది.

టీ వడకట్టే జాలీ పొద్దున్నుంచీ కనబడటం లేదు. వంటింట్లో అన్ని డబ్బాలూ తీసి వెతికారు. అదెక్కడ పెట్టావన్న మాట మేడం నోటిదాకా వచ్చింది. బెంచీ పదడుగుల దూరంలోనే ఉంది.

ఆవిడ కూడా తలాడించి ముందుకు నడిచింది. ఆ పూట ఇంట్లో భార్యాభర్తలిద్దరూ టీ లేకుండా మంచినీళ్ళు తాగి పడుకున్నారు.